పొగాకు విషయమున పాఠశాల చేయవలసిన పని

ఆరోగ్యమును గూర్చిన పాఠములలో పొగాకును గూర్చిన పాఠము మిక్కిలి సులభముగా చెప్పబడునదియు, మిక్కిలి త్వరగా మఱవబడునదియునై యున్నది. పొగ త్రాగుట హానికరమని యెఱుగని బాలుడు నేడు ఏ తరగతియందును లేడు. పరీక్షలో అడిగినచో ఐదు కారణములు వ్రాసి ఐదు మార్కులు పొందగలడు. అయినను ఆ బాలుడే రెండు మూడేండ్లు గడచునప్పటికి స్నేహితుల నడుమ సందు మలుపున నిలిచి సిగరెట్టు వెలిగించుట చూచుచున్నాము. తెలిసియు ఆచరింపకపోవుటకు కారణమేమి? ఈ విషయమున పాఠశాల బాలుని వినువానిగా మాత్రమే యుంచినది గాని చేయువానిగా నుంచలేదని మా యభిప్రాయము. పొగాకు నిరోధమునకై విద్యార్థులచే పాఠశాలలోపలను వెలుపలను నిజమైన పని చేయింపవలయునని ఈ వ్యాసమున మనవి చేయదలచితిమి.

ఇప్పుడు జరుగుచున్న పని యేదనగా, ఏడాదికొకమారు గోడపటములు వ్రాయించుట, వీధులవెంట నినాదములతో ఊరేగించుట, ప్రతిజ్ఞ చేయించుట. ఇవి చెడ్డవి కావు, కాని చాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి 1988 నాటి తీర్మానము ననుసరించి ఏటేట మే 31వ తేదీ పొగాకు వ్యతిరేక దినముగా జరుపబడుచున్నది. ఆ తేదీన మన తెలుగు నాట పాఠశాలలు వేసవి సెలవులలో నుండును! పిల్లలు మామిడితోటలలోను, అమ్మమ్మగారి యిండ్లలోను ఉండగా, పాఠశాల తలుపులకు తాళములు వేసియున్న దినమున ఆ యుత్సవము గడచిపోవును. జూన్ నెలలో తలుపులు తెఱచునప్పటికి దానిని తలచువారుండరు. కావున మనము తేదీని నమ్ముకొనుట మాని సంవత్సరమంతయు సాగు పనిని నమ్ముకొనవలయును.

పూర్వము పొగాకును నిందించినవారు నీతి దృష్టితోడను, మితవ్యయ దృష్టితోడను నిందించిరి. 1950వ సంవత్సరమున ఇంగ్లండులో డాల్, హిల్ అనువారును, అమెరికాలో విండర్, గ్రహామ్ అనువారును ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను విచారించి, ఆ వ్యాధికిని పొగ త్రాగుటకును గల సంబంధమును ప్రకటించిరి. నాటినుండి ఇది వైద్యశాస్త్రము సాక్ష్యము చెప్పిన విషయమైనది. డాల్ మహాశయుడు తన సహచరులతో కూడి బ్రిటిష్ వైద్యుల జీవితములను ఏబదియేండ్లు పరిశీలించి 2004లో వెలువరించిన ఫలితముల ప్రకారము, సిగరెట్లు విడువక కాల్చినవారు కాల్చనివారికంటె సుమారు పదియేండ్లు ముందుగా మరణించిరి. కాని ముప్పదియవయేట మానినవారు ఆ పదియేండ్లను దాదాపుగా తిరిగి పొందిరి. ఏబదియవయేట మానినవారు ఆఱేండ్లు, అఱువదియవయేట మానినవారు సైతము మూడేండ్లు పొందిరి. భయపెట్టు మాటలకంటె ఈ తుదిమాట విద్యార్థుల నోట ఇంటికి చేరదగినదని మాకు తోచుచున్నది.

ఈ యలవాటు ఏ వయస్సున మొదలగుచున్నది? 2019లో మన దేశమున జరిగిన ప్రపంచ యువజన పొగాకు సర్వే ప్రకారము 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులలో నూటికి 8.5 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. సిగరెట్టు రుచి చూచినవారిలో నూటికి 38 మందియు, బీడీ రుచి చూచినవారిలో నూటికి 47 మందియు పదియేండ్లు నిండకమునుపే మొదలిడిరి. పదియేండ్ల బాలుడనగా నాలుగవ లేక ఐదవ తరగతి బాలుడు. తొమ్మిదవ తరగతిలో మొదలగు హితోపదేశము వీరికి ఆలస్యమైనదే యగును. మఱియు 2016-17లో పెద్దలనుగూర్చి జరిగిన సర్వేలో పొగ త్రాగువారు నూటికి 10.7 మంది కాగా, నమలు పొగాకును, నోటనుంచుకొను పొగాకును వాడువారు నూటికి 21.4 మంది యని తేలినది. కావున మన ప్రయత్నము పొగతో ఆగరాదు. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్ళీలను కూడ గణింపవలయును.

ఇక మన ప్రాంతము సంగతి. తెలుగు దేశమునకు పొగాకు పరాయిది కాదు. గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో వర్జీనియా పొగాకు పంట ఒక శతాబ్దముగా సాగుచున్నది. పొగాకు పరిశోధనాలయము 1947లో రాజమహేంద్రవరమునను, పొగాకు బోర్డు 1976లో గుంటూరునను వెలసినవి. మన సాహిత్యమునను దానికి చోటున్నది. కన్యాశుల్కమున గిరీశము తన శిష్యుడైన వేంకటేశమునకు చుట్ట మహిమను బోధించు ఘట్టమును చదివి నవ్వని తెలుగువాడుండడు. అప్పారావుగారు ఆ నవ్వులో చూపిన సత్యము నుపాధ్యాయులు గమనింపవలయును. శిష్యునకు చుట్ట నేర్పినవాడు అచ్చట గురువే కదా!

శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో అడ్డపొగ యను ఆచారము కలదు. చుట్టయొక్క నిప్పు కొనను నోటిలోపల నుంచుకొని పీల్చుట దాని పద్ధతి. దీని నవలంబించినవారిలో స్త్రీలే యెక్కువ. ఆ వేడిమికిని పొగకును అంగిలి కమిలి, కొందఱికి అచ్చటనే రాచపుండు పుట్టుచున్నదని విశాఖపట్టణపు వైద్యులు 1950 దశకముననే గుర్తించిరి. తరువాతి కాలమున శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో పొగాకు వాడు 36,000 మందికి పైగా గ్రామస్థులను ఏండ్ల తరబడి పరీక్షించుచు, అలవాటు మానుడని ముఖాముఖిగా హితము చెప్పిరి. శ్రీకాకుళమున అట్లు హితము వినినవారిలో, విననివారికంటె ఎక్కువమంది మానిరని 1986లో ప్రకటితమైనది. ఏండ్లనాటి అలవాటు గల పల్లెటూరి వృద్ధులు సైతము మంచిమాటకు లొంగుదురనుటకు ఇది నిదర్శనము. వైద్యుడు వచ్చి చెప్పిన మాటకే ఇంత బలమున్నప్పుడు, ఒడిలో పెరిగిన మనుమరాలు చెప్పు మాటకెంత బలముండదు?

అయితే బోధచే ప్రయోజనమున్నదా యని కొందఱు సందేహింతురు. ఆ సందేహము నిరాధారము కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 40 పాఠశాల మండలములలో ఎనిమిదివేలమందికి పైగా బాలబాలికలను ఎన్నుకొని, మూడవ తరగతి మొదలు ఉన్నత పాఠశాల వఱకు కొందఱికి పొగాకును గూర్చి ప్రత్యేక పాఠములు చెప్పిరి. 2000వ సంవత్సరమున ఫలితము వెలువడగా, పాఠములు వినినవారికిని విననివారికిని భేదమే కనబడలేదు. దీనికి ప్రక్కనే మన దేశపు ఉదాహరణమొకటి కలదు. 2004 మొదలు 2006 వఱకు ఢిల్లీ, చెన్నై నగరములలోని 32 పాఠశాలలలో మైత్రి యను పేర ఒక ప్రయత్నము జరిగినది. అందు ఉపాధ్యాయుని యుపన్యాసముతో సరిపెట్టక, శిక్షణ పొందిన తోటి విద్యార్థులే చర్చలు నడపిరి. తలిదండ్రులకు కార్డులు పంపిరి. రెండేండ్ల తుదకు ఆ ప్రయత్నము లేని పాఠశాలలలో పొగాకు వాడుక నూటికి 68 వంతులు పెరుగగా, ఉన్న పాఠశాలలలో నూటికి 17 వంతులు తగ్గినది. రెండు దేశముల పరిస్థితులును వేఱు గనుక ఈ రెంటిని ఒక్క త్రాసున తూచుట తగదు. అయినను తరగతిలో విన్న పాఠమునకును, తాను పూనుకొని చేసిన పనికిని గల యంతరము నూహించుటకు ఇవి చాలును.

విద్యార్థులు చేయదగిన పనులలో మొదటిది కొలత. 2003 నాటి పొగాకు చట్టము ప్రకారము విద్యాలయమునకు 100 గజముల లోపల పొగాకు వస్తువులు అమ్మరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి ఎక్కడను అమ్మరాదు. 100 గజములనగా 91.44 మీటర్లు. ఈ దూరమును పాఠశాల ప్రహరీగోడ వెలుపలి హద్దునుండి అన్ని దిక్కులకును కొలువవలయును. ఎనిమిదవ తరగతి పిల్లలకు టేపు నిచ్చి కొలిపించి, పటము వ్రాయించి, అందు బడ్డీ కొట్లను, కిళ్ళీ కొట్లను గుర్తింపజేసినచో గణితమును భూగోళమును ఒక్క పూటలో అభ్యసింపబడును. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖవారు వెలువరించిన మార్గదర్శకములలో ఈ హద్దును పసుపు గీతతో గుర్తింపవలెననియు, ఉపాధ్యాయులలోనుండియు తొమ్మిదవ తరగతి మొదలు విద్యార్థులలోనుండియు పర్యవేక్షకులను నియమింపవలెననియు ఉన్నది. కాని పిల్లలను కొట్టువారిమీదికి తగవునకు పంపరాదు. ఆ కొట్టు పెట్టుకొన్నవారు తఱచుగా నిరుపేదలు. ప్రధానోపాధ్యాయులు పటమును వెంటగొని పోయి, పొగాకు సరకులకు బదులు వేరుసెనగ ముద్దలు, పలకలు, పెన్సిళ్ళు అమ్ముకొమ్మని నచ్చజెప్పుట మంచిది. వినకున్నచో ఆ పటమును అధికారులకు పంపవచ్చును.

రెండవది లెక్క. ఇంటింట పొగాకున కగు ఖర్చును పిల్లలచే గుణింపజేయవలయును. రోజునకు నలువది రూపాయలు వెచ్చించువాడు ఏడాదికి 14,600 రూపాయలను, పదియేండ్లకు 1,46,000 రూపాయలను పొగపాలు చేయును. ఆ సొమ్ముతో ఇంటికి ఏమేమి సమకూరునో పిల్లలే పట్టిక వ్రాయవలయును. పేరులు మాత్రము వ్రాయింపరాదు. ఎవరి తండ్రి యెంత కాల్చునో తరగతిలో చాటుట విద్య గాదు, అవమానము.

మూడవది ఇంటి పని. మన యిండ్లలో తండ్రియో తాతయో పిల్లవానిని పిలిచి, కొట్టుకు పోయి బీడీకట్ట తెమ్మనుట పరిపాటి. పొగాకుతో బాలుని తొలి పరిచయము ఇట్లే జరుగుచున్నది. పిల్లవానికి దానిని అమ్ముట చట్టవిరుద్ధమని పెద్దలలో ననేకు లెఱుగరు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము బాలునకు పొగాకు వస్తువు నిచ్చినవారికి ఏడేండ్ల వఱకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. అయితే ఇంటిలో చట్టమును చూపి బెదరించుట కంటె, “తాతా, పాలు తెమ్మన్నను పత్రిక తెమ్మన్నను పరుగెత్తి పోయెదను, ఇది మాత్రము నన్ను తెమ్మనవద్దు” అని ప్రేమతో చెప్పుట మేలు. పాఠశాలలోని పిల్లలందఱును ఈ యొక్క మాటకు కట్టుబడినచో ఊరిలో కలుగు మార్పు చిన్నది కాదు.

దీనికి తోడుగా పెట్టెమీది హెచ్చరికను చదివి వినిపించు పనిని పెట్టుకొనవచ్చును. 2016 ఏప్రిల్ మొదలు పొగాకు పెట్టెల యిరుప్రక్కల నూటికి 85 వంతుల స్థలమున హెచ్చరిక బొమ్మలు ముద్రింపబడవలెనని నియమము. 2018 సెప్టెంబరు నుండి మానదలచినవారు పిలువదగిన 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సంఖ్యయు దానిమీద నున్నది. చదువురాని తాతగారికి ఆ సంఖ్యను చదివి చెప్పి, ఫోను కలిపి యిచ్చుట మనుమడు చేయగల సేవ. అయితే ఒక సిగరెట్టు విడిగా కొనువాడు ఆ పెట్టెనే చూడడు; ఇంట చుట్టుకొన్న చుట్టకు పెట్టెయే లేదు. అట్టివారికి పిల్లల మాటయే హెచ్చరిక కావలయును.

నాలుగవది ఊరి పని. బుఱ్ఱకథకును వీధి నాటకమునకును పల్లెలో ఇప్పటికిని ఆదరమున్నది. కథను మాత్రము విద్యార్థులే కూర్చుకొనవలయును. పరాయి యూరి కథ వినోదముగ నుండును. తమ యూరి సంత, తమ చెఱువు గట్టు, తమ మాటలు గల కథ మనస్సునకు తగులును. వ్యాధిగ్రస్తుని వేషమువేసి దగ్గి నవ్వించుట తగదు. ప్రేక్షకులలో నిజముగా దగ్గువా రుందురని మఱవరాదు.

ఇచ్చట మిక్కిలి జాగ్రత్తతో నడువవలసిన విషయ మొకటి కలదు. ఒంగోలు, టంగుటూరు, కొండపి వంటి చోట్ల తరగతిలోని పిల్లలలో అనేకుల చదువు పొగాకు బ్యారన్ మీదనే నడచుచున్నది. పొగాకు పాపిష్ఠి పంటయని ఉపాధ్యాయుడు కేకలు వేసిననాడు, ముందుబల్లమీది రైతు బిడ్డ తలవంచుకొనును. తన తండ్రి రాత్రులు మేలుకొని బ్యారన్ కడ మంట చూచుకొని సంపాదించిన డబ్బుతోనే తన పుస్తకములు వచ్చినవని వాని కెఱుకయే. ఆ బిడ్డను సిగ్గుపఱచిన పాఠము వానిని మనకు దూరము చేయును. రైతు శ్రమ గౌరవింపదగినది. ఆకు చేయు హాని చెప్పదగినది. రెండును సత్యములే గనుక రెండును చెప్పవలయును. రైతు కుటుంబములకు ఉపకరించు పాఠముకూడ ఒకటి కలదు. తడిసిన పచ్చి ఆకును కోయునప్పుడు నికోటిను చర్మముగుండ లోనికి పోయి వాంతులు, తలత్రిప్పుట కలుగును. ఆకు కోతకు పిల్లలను పంపరాదనియు, పెద్దలు చేతులు కప్పుకొని, పనియైన వెంటనే కడుగుకొనవలెననియు బ్యారన్ యజమాని బిడ్డయే ఇంటికి పోయి చెప్పినచో ఆ యింట మన పని శత్రువు పనిగా గాక ఆప్తుల పనిగా తోచును. అట్లే తండ్రి పొగ త్రాగునను కారణమున ఏ బాలునకును తండ్రియందు గౌరవము తగ్గరాదు. తండ్రి యొక అలవాటునకు చిక్కినాడు. విడిపించుకొనుటకు వానికి సాయము కావలయును. ఈ భావముతో పంపిన బాలుడు దూతయగును. మఱియొక భావముతో పంపినవాడు గూఢచారియగును.

ఉపాధ్యాయులమైన మా సంగతియు చెప్పక తీఱదు. గోడమీద హెచ్చరిక వ్రాయించి, విరామ సమయమున గోడవెనుక సిగరెట్టు కాల్చు ఉపాధ్యాయుడు ఒక్కడున్నను మిగిలినవారి మాట వ్యర్థమగును. బీహారు రాష్ట్రమున 72 పాఠశాలలలో ఉపాధ్యాయులే పొగాకు మానుటకు ఒక ప్రయత్నము జరుపగా, కార్యక్రమము ముగిసిన తొమ్మిది నెలలకు చూచినప్పుడు, సాయము పొందిన పాఠశాలలలో నూటికి సుమారు 19 మందియు, పొందని చోట సుమారు 7 మందియు ఆఱు నెలలకు తక్కువ కాకుండ మానియుండిరని 2013లో ప్రకటింపబడినది. ఉపాధ్యాయుల గదియందు మొదలైన మార్పు తరగతికి వచ్చుటకు ఎంతో దూరము లేదు. మానుటకు ప్రయత్నించుచున్న ఉపాధ్యాయుని తోటివారు ఎగతాళి చేయక ప్రోత్సహించుట కనీస ధర్మము.

పదవ తరగతి పరీక్షల యొత్తిడిలో దీనికి తీఱిక యెక్కడిదని అడుగువారున్నారు. కొలత గణితమున, లెక్క అంకగణితమున, కథ తెలుగున, చట్టము సాంఘిక శాస్త్రమున ఇమిడియున్నవి గనుక వేఱు గంట అక్కఱలేదు. చట్టమే అన్నిటిని చూచుకొనునని మఱికొందఱందురు. బహిరంగ స్థలములలో పొగ త్రాగుటను నిషేధించు నియమములు 2008 అక్టోబరు 2వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. ఈ-సిగరెట్లను 2019లో మన దేశమున నిషేధించిరి. చట్టము లేనిచో మన స్థితి మఱింత హీనముగా నుండెడిదనుట నిజము. కాని బస్సు నిలయమున బోర్డు క్రిందనే నిలిచి కాల్చువానిని చూచినవారెవ్వరును చట్ట మొక్కటే చాలునని చెప్పజాలరు. చట్టము కొట్టునకు హద్దు గీయగలదు. స్నేహితుడు చాచిన సిగరెట్టును వద్దని చెప్పు ధైర్యమును మాత్రము బాలుడే పెంచుకొనవలయును. అది పనిచేయగా వచ్చు ధైర్యము.

కాబట్టి రాబోవు విద్యాసంవత్సరమునకు మేము సూచించు క్రమమిది. జూన్, జూలై మాసములలో కొలతయు పటమును; ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఇంటి లెక్కయు, పెద్దలతో సంభాషణమును; నవంబరు 14న బాలల దినోత్సవమునాడు తలిదండ్రుల యెదుట కథయు, పటముయొక్క ప్రదర్శనమును; జనవరిలో మరల కొలచి, ఎన్ని కొట్లలో సరకు మాఱినది, ఎందఱు పెద్దలు మానుటకు ప్రయత్నించిరి అని, పేరులు లేకుండ లెక్క తీయుట. ఐదవ తరగతినుండియే పిల్లలను ఇందు చేర్చుకొనవలయును. పెద్ద తరగతుల విద్యార్థులు చిన్నవారికి నాయకులుగా నుండవలయును.

విద్యార్థులారా! ఈ పనిలో మీకు బహుమానములు లభింపకపోవచ్చును. మొదటి యేడు మీ పటములోని కొట్లలో ఒక్కటియు మాఱకపోవచ్చును. మీ తాతగారు మీ మాట విని నవ్వి ఊరకుండవచ్చును. అంతటితో నిరుత్సాహపడకుడు. మరుసటి యేడు పటమును మరల వ్రాయుడు, మాటను మరల చెప్పుడు. తలిదండ్రులారా! మీ బిడ్డ ఇంటికి వచ్చి ఈ సంగతి యెత్తినపుడు కోపింపక కూర్చుండబెట్టుకొని వినుడు. మీ ఆయుర్దాయమున పదియేండ్లు పెంచవలెనని ఆ బిడ్డ కోరుచున్నాడు. అంతకంటె మేలైన కోరిక బిడ్డలకు మఱియేమున్నది?